తుడుచుకున్న చేతులు

నా పొట్టకు ఒక మెత్తటి గొట్టం ఉంది. బొడ్డు పక్కనుంచి బయటికి వచ్చి జానెడు పొడవు వేలాడుతుంది. రోజుకు నాలుగుసార్లు ఒక సంచిలోని మందు నీళ్లు ఆ గొట్టం గుండా కడుపులోకి పోతాయి. కొన్ని గంటలు లోపల ఉండి, ఒంట్లో ఉన్న చెడునంతా పట్టుకుని మళ్లీ గొట్టం గుండానే ఇంకో సంచిలోకి వచ్చేస్తాయి. కిడ్నీలు చేయాల్సిన పని అది. నావి చేయడం మానేశాయి కాబట్టి నీళ్లు చేస్తున్నాయి.

మొన్న శ్రావణమాసంలో ఈ గొట్టం పోగొట్టుకోబోయాను. ఎలా పోగొట్టుకోబోయానో రాస్తే కొత్తగా గొట్టం వేయించుకున్న వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. రాస్తే నాకూ కొంచెం మనసు కుదుటపడుతుందేమో. నేను మూడో తరగతి వరకే చదివాను. అక్షరాలు దిద్దుతానని మనవరాలు అంది. దిద్దు గానీ మాటలు మార్చొద్దని చెప్పాను.

మాది గద్వాల. నేతపని. ఇంట్లో రెండు మగ్గాలు. ఒకదాని మీద నా కొడుకు మల్లేశు, ఇంకోదాని మీద కోడలు అనిత కూర్చుంటారు. నేను రాట్నం మీద కండెలు చుట్టి ఇస్తాను. షుగరు నాకు చాలా ఏళ్లుగా ఉంది. దాన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు. కాళ్లు వాస్తే ఎండ అనుకున్నాను, అన్నం సహించకపోతే వయసు అనుకున్నాను. రోహిణి కార్తెలో నాలుగడుగులు వేస్తే ఊపిరి ఆడకుండా అయింది. కర్నూలు తీసుకుపోయారు.

అక్కడ డాక్టరు రెండు దారులు చెప్పాడు. ఒకటి, వారానికి మూడు రోజులు దవాఖానకు వచ్చి మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవడం. రెండోది ఈ గొట్టం, ఇంట్లోనే. నేను మొదటిది వద్దన్నాను. వారానికి మూడు రోజులు నన్ను ఎవరో ఒకరు బస్సులో కర్నూలు తేవాలంటే ఒక మగ్గం పూర్తిగా నిలిచిపోయినట్టే. శ్రావణం పెళ్లిళ్ల చీరలు ఒప్పుకుని ఉన్నాం. నా ఒంటి కోసం ఇంటి పని ఆగడం నాకు ఇష్టం లేదు.

గొట్టం వేశాక నీళ్లు మార్చుకోవడం ఒక సిస్టర్ నేర్పింది. ఆమెది వనపర్తి. మన మాటే మాట్లాడుతుంది. నన్నూ అనితనూ పక్కపక్కన కూర్చోబెట్టి, ఒకే మాట వందసార్లు చెప్పింది.

"అవ్వా, తలుపు మూయాలె. ఫ్యాను బందు చేయాలె. మూతికి మాస్కు కట్టుకోవాలె. సబ్బుతోటి చేతులు మంచిగ కడుక్కొని, మంచిగ తుడుచుకోవాలె. అప్పుడే గొట్టం మూత ముట్టాలె. కడుపుల ఏమన్న పురుగు పోతే గీ చేతులకెల్లే పోతది. ఇంకెక్కడికెల్లి పోదు."

"నా చేతులు పట్టు ముట్టే చేతులమ్మా. నాకు చెప్పొద్దు," అన్నాను నేను.

ఆ మాట నేను గర్వంగానే అన్నాను. మా ఇళ్లలో చేతుల పట్టింపు ఎక్కువ. తడి చేయి జరీని ముడితే నల్లబడుతుంది. చెమట చేయి పట్టును ముడితే మచ్చ పడుతుంది. మగ్గం ఎక్కే ముందు చేతులు కడగాలి, పొడిగా తుడుచుకోవాలి. పెళ్లయి వచ్చిన కొత్తలో మా అత్త నాకు మొదట నేర్పింది అదే. అనిత వాళ్లది తిమ్మాజిపేట. వాళ్ల నాయన మగ్గం వదిలి చేను పట్టుకున్నాడు, ఆ పిల్ల చేనులో పెరిగింది. తనకూ నేనే నేర్పాను, కొంచెం కటువుగానే.

పడుగు అయిపోయాక మగ్గం చివర ఒక మూర ముక్క మిగులుతుంది. అది చీరలోకి రాదు. మెత్తటి నూలు, నీళ్లను బాగా పీలుస్తుంది. మేము దాన్ని పారేయం. కుళాయి పక్కన మేకుకు తగిలించుకుంటాం. ఎవరు చేతులు కడిగినా దానికే తుడుచుకుని మగ్గం ఎక్కుతారు. శుక్రవారం శుక్రవారం ఉతుకుతాను. నా దృష్టిలో అంతకన్నా శుభ్రమైన గుడ్డ ఇంట్లో లేదు.

కర్నూలు నుంచి వచ్చేటప్పుడు సిస్టర్ రాసిచ్చిన చీటీ ప్రకారం అనిత సామాను కొంది. అందులో చేతులు తుడుచుకుని పారేసే కాగితం చుట్టలు ఉన్నాయి. నేను చూసి మండిపడ్డాను.

"గివేందే? చెయ్యి తుడుచుకొని పారేసుడా? ఒక్కసారికే?"

"సిస్టర్ రాసింది అత్తమ్మా."

"సిస్టర్ ఇంట్ల మగ్గం లేదు గనక రాసింది. మనింట్ల గుడ్డకు కరువా?"

చుట్టలు తీసుకుపోయి నా పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఎప్పుడైనా చుట్టాలొస్తే పనికొస్తాయి అనుకున్నాను. నేను అన్నదానికి ఎదురు మాట్లాడే అలవాటు ఆ పిల్లకు లేదు. అలా చేసింది నేనే.

రెండు నెలలు బాగా గడిచాయి. వెనక గదికి సున్నం వేయించి మంచం, బల్ల, సంచుల డబ్బాలు అందులో పెట్టుకున్నాం. పొద్దున లేవగానే ఒకసారి, మధ్యాహ్నం, దీపాలు పెట్టే వేళ, పడుకోబోయే ముందు ఒకసారి. చేతులు ఎంతసేపు రుద్దమన్నారో అంతసేపు రుద్దాను. ఇందులో అబద్ధం లేదు. కడిగి, నా చేత్తోనే కుళాయి కట్టేసి, మేకుకున్న గుడ్డకు తుడుచుకుని, గదిలోకి పోయి తలుపు వేసుకునేదాన్ని. ఒంటికి బలం వచ్చింది. మళ్లీ రాట్నం ముందు కూర్చున్నాను.

శ్రావణంలో ఒకరోజు కళ్లు తిరిగాయి. మంచం మీద నుంచి లేవలేకపోయాను. ఆ రోజు మధ్యాహ్నం, సాయంత్రం అనితే నీళ్లు మార్చింది. రాత్రికి కొంచెం నయమై నేనే మార్చుకున్నాను, మర్నాడంతా కూడా. ఆ మరుసటి రోజు పొద్దున కడుపులో నొప్పి మొదలైంది. లోపల ఎవరో గుడ్డ పిండుతున్నట్టు. బయటికి వచ్చిన నీళ్లు చూస్తే ఎప్పటిలా లేత పసుపు రంగులో లేవు. పల్చటి గంజిలా ఉన్నాయి.

నేను వెంటనే అనితను పిలిచాను. సంచి చూపించాను.

"నువ్వు చేతులు సరిగ్గ కడిగినవా?"

"కడిగిన అత్తమ్మా."

"కడిగితే గిట్లెట్లయితది? రెండు నెలలు నేను చేసుకున్న. ఏమన్న అయిందా? నువ్వు రెండుసార్లు ముట్టినవు. గంజి అయింది."

మల్లేశు మగ్గం దిగి వచ్చాడు. సిస్టర్‌కు ఫోను చేశాడు. ఆలస్యం చేయకుండా రమ్మని, ఆ సంచిని కూడా తెమ్మని ఆమె చెప్పింది. ముగ్గురం బస్సెక్కాం. సంచి నా ఒళ్లో ఉంది. ఎర్రవల్లి చౌరస్తాలో ఎక్కిన ఒకాయన నా పక్కన నిలబడి దాన్ని చాలాసేపు చూశాడు.

"ఏంది పెద్దమ్మా, కర్నూలుకు కల్లు తీస్కపోతున్నవా?"

"నా కడుపులది నాయనా. తాగుతవా?" అన్నాను.

బస్సంతా నవ్వింది. నవ్వు ఆగాక ఇది ఎలా అయిందో అడిగారు. నొప్పి మీద, భయం మీద ఉన్నాను. "మా కోడలు చేతులు," అని గట్టిగా చెప్పాను. చేనులో పెరిగిన చేతులని, మట్టి పోలేదని, నేను నేర్పినా రాలేదని చెప్పాను. అనిత కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తుంగభద్ర వంతెన దాటేదాకా అలాగే ఉంది. మల్లేశు ఒక్కసారి, "జర చూసి చేయొద్దా నువ్వు," అన్నాడు భార్యతో. నాకు అప్పుడు ఊరట అనిపించింది. ఇప్పుడు ఆ మాట రాస్తుంటే సిగ్గేస్తోంది.

దవాఖానలో డాక్టరు కడుపు నొక్కి చూసి, నీళ్లు పరీక్షకు పంపి, మందు కలిపిన సంచి పెట్టించాడు. "ఐదు రోజులు చూస్తాం. నీళ్లు తేట పడితే సరే. పడకపోతే గొట్టం తీసేయాలి. ఆ తర్వాత మిషనే," అన్నాడు. మల్లేశు ఆ సాయంత్రం ఊరికి వెళ్లిపోయాడు. చీరల వాళ్లు ఆగరు. అనిత తన మగ్గం మీద సగం చీర వదిలి నా దగ్గర ఉంది.

వార్డు బయట వరండాలో ఒక బల్ల ఉండేది, గోడకు ఆనుకుని. మంచం మీద పడుకోలేక అక్కడికి పోయాను. ఒక పెద్దమనిషి లేచి, గోడ పక్క చోటు నాకు ఇచ్చి, తాను అంచున కూర్చున్నాడు. పేరు బుచ్చన్న. పెబ్బేరు సంతలో ఎద్దుల బేరం చేసేవాడట. ఎడమ చేతికి కట్టు ఉంది.

"నీకు గొట్టమా అక్కా?"

"గొట్టమే. నీకు?"

"నాకు గూడ ఉండె. పోయింది."

"ఎట్ల పోయింది?"

"సంత ఇడిసి ఇంటికి పోతే బేరం పోతదని, లారీ చాటుకు కూసొని మార్చుకున్న. బాటిలు నీళ్లతోటి చేతులు కడుక్కున్న అనిపించిన. రెండుసార్లు జ్వరమొచ్చి బతికిన. మూడోసారి గొట్టం పీకిండ్రు." నవ్వాడు. "ఇప్పుడు వారానికి మూడు రోజులు ఈడనే, మిషను మీద. సంత పోయింది, బేరం పోయింది. ఎద్దులు మాత్రం మంచిగున్నయి."

నేను నవ్వలేకపోయాను. మగ్గాలు కళ్ల ముందు కనపడ్డాయి, ఒకటి ఎప్పటికీ ఖాళీగా. ఇదంతా ఆ పిల్ల రెండుసార్ల పనికే అని లోపల ఇంకా రగులుతూనే ఉన్నాను.

మూడో రోజుకు నొప్పి తగ్గింది గానీ నీళ్లు గంజిలానే ఉన్నాయి. ఆ రోజు వనపర్తి సిస్టర్ వచ్చి, ఇద్దరినీ చేతులు కడిగే తొట్టి దగ్గరికి పిలిచింది.

"ఇంట్ల ఎట్ల చేస్తరో గట్లనే చేసి చూపించుండ్రి. నేను చూస్తున్ననని మంచిగ చేయొద్దు."

ముందు అనితను చేయమన్నాను నేనే. తప్పు బయటపడాలని. అనిత గాజులు పైకి నెట్టుకుంది. అరచేతులు, వేళ్ల సందులు, బొటనవేలు, గోళ్ల మొదళ్లు, మణికట్టు, ఒక్కటీ వదలలేదు. గోడకున్న కాగితం లాగి తుడుచుకుంది. అదే కాగితంతో కుళాయి కట్టేసింది. నేను వెతికాను. తప్పు దొరకలేదు.

"ఇంట్ల దేనికి తుడుచుకున్నవు?" సిస్టర్ అడిగింది.

"పొద్దుగాల ఉతికి ఎండలేసిన తువాల తీసుకున్న."

తర్వాత నా వంతు. నేనూ బాగానే కడిగాను. కుళాయి కట్టేశాను. అలవాటు చొప్పున చేతి సంచిలోంచి నా గుడ్డ తీసి తుడుచుకున్నాను. ఇంటి నుంచి వచ్చేటప్పుడు మేకు మీది మగ్గం ముక్కను మడిచి తెచ్చుకున్నాను, పరాయి చోట ఏది పడితే దానికి తుడుచుకోవడం ఎందుకని.

"ఆగు అవ్వా," అంది సిస్టర్. గుడ్డ తీసుకుని మడత విప్పింది. "లోపలంత తడిగుంది."

"ఇప్పుడే తుడుచుకున్న గద."

"లోపలి మడత అవ్వా. ఇది ఎన్నడు ఉతికినవు?"

"శుక్రవారం."

"ఇయ్యాల బుధవారం. ఇంట్ల ఎవరెవరు తుడుచుకుంటరు దీనికి?"

"అందరం," అన్నాను.

సిస్టర్ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆమె అనిత వైపు తిరిగింది. "కాగితం చుట్టలు రాసిచ్చిన గద, కొనలేదా?"

అనిత తల దించుకుంది. "కొన్నం సిస్టర్. నేనే తీసి పెట్టలేదు. మర్సిపోయిన."

అంతటితో అయిపోయేది. సిస్టర్ నమ్మింది కూడా. అప్పటికే అనితకు ఏదో చెప్పడం మొదలుపెట్టింది. నేను ఊరుకుంటే ఇంటికి పోయి చుట్టలు బయట పెట్టేదాన్ని, గుడ్డ తీసేసేదాన్ని, కోడలు మర్చిపోయిందనే మాట నిలిచిపోయేది. ఆ కొంచెం సేపు నేను ఊరుకుందామనే అనుకున్నాను. మొలలో తాళంచెవి గుచ్చుకుంటోంది.

"అది మర్సిపోలేదు," అన్నాను. "పెట్టెల పెట్టి తాళమేసింది నేను. పారేసే కాగితం దండగ అనుకున్న. తాళంచెవి గిదుగో, నా దగ్గరనే ఉంది."

సిస్టర్ తాళంచెవి చూసి, గుడ్డను పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "గీ గుడ్డతోనే వచ్చిందని నేను చెప్పలేను అవ్వా. డాక్టరు సారు గూడ గట్టిగ చెప్పలేడు. ఇంకోతీరుగ గూడ వస్తది. కానీ నువ్వు గంతసేపు రుద్ది కడిగి, మళ్ల అందరి చేతుల తడిని అంటించుకుంటున్నవు. కుళాయిని గూడ కడగని చేత్తో ఇప్పి, కడిగిన చేత్తో కట్టేస్తున్నవు. కడుగుడు ఎంత ముఖ్యమో తుడుసుకునుడు గూడ గంతే."

వార్డులోకి వచ్చాక మంచం మీద కూర్చుని అనితతో అన్నాను. "నీ తప్పేం లేదే. నేను ఊకెనే నిన్నన్న."

ఆ పిల్ల సంచులు సర్దుతోంది. తల ఎత్తకుండానే అంది. "అన్నప్పుడు బస్సు నిండ మంది ఉండిరి అత్తమ్మా. ఇప్పుడు ఈడ మనిద్దరమే ఉన్నం."

పెళ్లయి మా ఇంటికి వచ్చిన పన్నెండేళ్లలో అనిత నాతో అలా మాట్లాడటం అదే మొదలు. నాకు కోపం రావాలి. రాలేదు. వరండాలోంచి బుచ్చన్న తొంగి చూసి, "బస్సెక్కినంక చెప్పు అక్కా, గట్టిగ. టికెట్టు కొట్టేటోనికి గూడ వినపడాలె," అన్నాడు. అనిత పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

నీళ్లు తేట పడుతున్నాయో లేదో చూడటానికి ఒక పద్ధతి ఉంది. సంచి వెనక పేపరు పెట్టి చూడాలి. అక్షరాలు కనపడితే మంచిది. నాలుగో రోజు పొద్దున పేపరు పెద్ద అక్షరాలు మసకగా, పొగమంచులో ఉన్నట్టు కనపడ్డాయి. సాయంత్రానికి చదవగలిగాను. ఎక్కడో వాన పడిందని ఉంది. ఐదో రోజు చిన్న అక్షరాలు కూడా కనపడ్డాయి. నేను కూడబలుక్కుని చదువుతుంటే అనిత పక్కన నిలబడి, చదివిన మాటనే మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. డాక్టరు చూసి గొట్టం ఉంచుతామన్నాడు. మందు ఇంకో రెండు వారాలు. ఇంకోసారి ఇలా వస్తే ఏమవుతుందో చెప్పలేనన్నాడు. చెప్పక్కరలేదు, బుచ్చన్నను చూశాను కదా.

తిరుగు బస్సులో చెప్పాను. వచ్చేటప్పుడు ఉన్న మనుషులు వీళ్లు కారు, వీళ్లకు ఏమీ తెలియదు. అయినా చెప్పాను. మమ్మల్ని తీసుకుపోవడానికి వచ్చిన మల్లేశుతో, నలుగురికీ వినపడేలా, "నీ భార్య చేతులు మంచిగున్నయి. నా గుడ్డ మంచిగ లేకుండె. నువ్వు గూడ అనితను అన్నవు. నువ్వు గూడ చెప్పు," అన్నాను. వాడు చేతిలోని టికెట్లు మడతపెడుతూ కూర్చున్నాడు. ముందు సీటులోని ఆమె వెనక్కి తిరిగి, "ఏం గుడ్డ పెద్దమ్మా?" అని అడిగింది. అనిత, "సప్పుడు చేయకుండ కూసో అత్తమ్మా, సాలు," అంది. కిటికీ వైపు మాత్రం తిరగలేదు.

ఇంటికి రాగానే పెట్టె తెరిచాను. ఇప్పుడు కాగితం చుట్ట గది బయట కుళాయి పక్కన గోడకు ఉంది. ఒకసారికి ఒక కాగితం. నాకు ఇప్పటికీ పారేసేటప్పుడు చేయి ఆగుతుంది, అయినా పారేస్తాను. చుట్ట దొరకని రోజు కోసం అనిత పాత నూలు చీర చించి చిన్న ముక్కలు చేసింది. ఉతికి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి, మూత ఉన్న డబ్బాలో పెడుతుంది. ఒక ముక్క ఒక్కసారికే, మళ్లీ ఉతుకుడుకే. సిస్టర్‌ను అడిగే చేసింది. మగ్గానికి మగ్గం గుడ్డ వేరే ఉంది. అది నా దగ్గరికి రాదు.

కొత్తగా గొట్టం వేయించుకున్న వాళ్లకు నేను చెప్పేది ఇంతే. దవాఖాన వాళ్లు రాసిచ్చిన చీటీలో మీకు దండగ అనిపించిన సామాను ఏదైనా ఉంటే, దాన్ని పక్కన పెట్టే ముందు వాళ్లనే అడగండి. నేను అడగలేదు. నాకు తెలుసనుకున్నాను. పొదుపు చేయడానికి ఇంట్లో ఇంకా చాలా చోట్లున్నాయి. నీళ్లు మసకబడితే రేపు చూద్దామని ఆగకండి. వెంటనే ఫోను చేయండి, సంచి పట్టుకుపోండి. తప్పెవరిదో బస్సులో తేల్చకండి.

మొన్న కార్తీకంలో ఒకరోజు మధ్యాహ్నం నీళ్లు మార్చుకోవడానికి గదిలో కూర్చున్నాను. తలుపు వేసి ఉంది, ఫ్యాను ఆపి ఉంది, మాస్కు కట్టుకున్నాను. చేతులు కడిగి, కాగితానికి తుడుచుకుని వచ్చాను. మాస్కులోంచి ఊపిరి తగిలి కళ్లజోడు మసకేసింది. వేలితో పైకి నెట్టుకున్నాను. నెట్టుకున్నట్టు నాకే తెలియదు. గొట్టం మూతకు చేయి పెట్టబోయాను.

"అత్తమ్మా." అనిత కిటికీ అద్దం అవతల నిలబడి ఉంది, చేతిలో కండెల బుట్ట. "కళ్లజోడు ముట్టినవు. పోయి కడుక్కో."

"ఇప్పుడే కడిగిన గదనే."

"కడిగినవు. మళ్ల ముట్టినవు. కడుక్కో పో."

మా అత్త నాతో అలాగే అనేది. అనితతో నేనూ అలాగే అన్నాను, చాలా ఏళ్లు. ఇప్పుడు ఆ పిల్ల నాతో అంటోంది. నేను తలుపు తీసుకుని కుళాయి దగ్గరికి నడిచాను. అనిత బుట్ట పట్టుకుని అక్కడే నిలబడింది, నా చేతుల వైపే చూస్తూ. నేను బొటనవేలు మొదలు తొందరగా వదిలేశాను.

"బొటనవేలు," అంది.

మళ్లీ రుద్దాను.